అశ్మకరాజు దుఃఖం

నిజాంసాగర్ కట్ట మీద నిలిచి చూచిన వానికి మొదట కనిపించేది నీరు. కన్ను ఆ వైశాల్యానికి అలవాటు పడిన పిమ్మట, ఆ నీటి అడుగున ఏమున్నదో అన్న తలపు వస్తుంది. అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల నడుమ మంజీరా నదికి అడ్డంగా ఈ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసినది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ధనమిచ్చినాడు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు తన మేధనిచ్చినాడు. సుమారు 40 గ్రామాలవారు తమ ఇండ్లూ వాకిళ్లూ ఇచ్చినారు. మొదటివాని పేరు జలాశయానికి నిలిచినది. రెండవవాని జన్మదినమైన జూలై 11ని తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ 40 గ్రామాల పేర్లు వరుస తప్పకుండా చెప్పగలవారు నేడు ఎందరుంటారు?

కాలువ దిగువన పొలం పండినవాడు పూర్వజన్మ సుకృతమన్నాడు. ఇల్లు విడిచి గట్టెక్కినవాడు ఏ జన్మలో చేసిన పాపమో అన్నాడు. రెండూ ఒక్క నీటిని గురించిన మాటలే. మన భాషలో పూర్వజన్మ అనేది శాస్త్రచర్చలకు మాత్రమే పరిమితమైన పదం కాదు. అది వంటింటిలోనూ కళ్లంలోనూ మెలగుతుంది. పెండ్లి కుదిరితే ఋణానుబంధం, బిడ్డ పోతే ఋణం తీరినది. ఈ మాటలలో ఓదార్పున్నది, సందేహం లేదు. అయితే ఆ ఓదార్పు ఎక్కడనుండి వస్తున్నది? కష్టం వచ్చినందుకు కాదు, ఆ కష్టం తన పేరున వచ్చినందుకు. ఎక్కడో ఒక చిట్టా ఉన్నది, అందులో తనకొక పుట కేటాయించి ఉన్నది అన్న నమ్మకమది. లోకం తనను లెక్కలోనికే తీసుకోలేదనుకోవడం కంటె, తనకు శిక్ష విధించిందనుకోవడం మనిషికి సులభం.

ఈ ఆశను మొగమాటం లేకుండా పరీక్షించిన కథ ఒకటి ఈ నేలదే ఉన్నది.

నిజాంసాగర్ కాలువ బాన్సువాడ దాటి బోధన్ వైపు సాగుతుంది. బుద్ధుని కాలపు షోడశ మహాజనపదాలలో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. పాళీ భాషలో దానిని అస్సక మన్నారు. దాని రాజధానిని పోతలి అనీ, పోతన అనీ, పోదన అనీ వ్యవహరించినారు. నేటి బోధనే నాటి పోదనమని చరిత్రకారులలో పలువురి నిర్ణయం. పాళీ జాతకాలు 547. వాటిలో 207వది అస్సక జాతకం. కథారంభంలో పోతలి కాశీరాజ్యంలోనిదని ఉన్నమాట నిజమే. భిక్షువులు కథలను తమకు తెలిసిన దేశాలలోనికి మార్చి చెప్పుకొనడం కొత్త కాదు. రాజు పేరు మాత్రం అస్సకుడే.

ఆ రాజుకు ఉబ్బరి అనే పట్టమహిషి. మానవస్త్రీల సౌందర్యాన్ని మించినది, దేవతల సౌందర్యానికి ఒక్క మెట్టు తక్కువైనది ఆమె రూపం. ఆమె మరణించినది. రాజు ఆమె శరీరాన్ని దహనం చేయనివ్వలేదు. తైలం పోసిన దోనెలో ఉంచి, ఆ దోనెను తన మంచం కింద పెట్టించి, పైన తాను నిరాహారుడై పడుకొన్నాడు. అట్లా ఏడు రోజులు. తల్లిదండ్రులు, బంధువులు, మంత్రులు చెప్పి చూచినారు. అనిత్యమన్నారు, సహజమన్నారు. ఏ మాటా ఎక్కలేదు.

అప్పుడు బోధిసత్త్వుడు హిమాలయంలో తపస్విగా ఉన్నాడు. ఆయన వచ్చి రాజోద్యానంలో దిగి, ఒక బ్రాహ్మణ యువకుని ద్వారా రాజుకు కబురంపినాడు, రాణి ఎక్కడ పుట్టినదో తాను చూపగలనని. రాజు రథమెక్కి పరుగున వచ్చినాడు. రూపమదంతో మంచి పని ఏదీ చేయక కాలం గడిపినందువల్ల రాణి ఈ తోటలోనే పేడపురుగై పుట్టినదని తపస్వి చెప్పినాడు. రాజు నమ్మలేదు. తపస్వి పిలిచినాడు. రెండు పేడపురుగులు ఒక ఉండను దొర్లించుకొంటూ వచ్చినవి. వెనుక వస్తున్నదే నీ ఉబ్బరి, తన మగని వెంట వస్తున్నది, చూడుమన్నాడు. తపస్వి మహిమ వలన పురుగుకు మానవవాక్కు వచ్చినది. పూర్వజన్మలో నీవు ఎవరవని అడిగితే, అశ్మకరాజు పట్టమహిషినని సూటిగా చెప్పినది. ఇప్పుడు నీకు ఎవరు ప్రియుడు, అశ్మకుడా ఈ పురుగా అని తపస్వి అడిగినాడు. ఈ తోటలోనే ఆ రాజుతో విహరించిన మాట నిజమేననీ, కొత్త సుఖదుఃఖాలు పాతవాటిని కప్పివేసినవనీ, ఇప్పుడు ఆ రాజు తనకేమీ కాడనీ ఆమె చెప్పినది. అంతటితో ఆగలేదు. ఆ రాజు కంఠరక్తంతో తన మగని పాదాలు తడుపగలనన్నది.

రాజు అక్కడే నిలిచి, శవాన్ని తీసివేయించుమని ఆజ్ఞాపించినాడు. తలస్నానం చేసి, నగరానికి పోయి, మరొకతెను పట్టమహిషిని చేసుకొని ధర్మంగా రాజ్యమేలినాడు.

మొదటిసారి చదివినప్పుడు ఈ కథ నవ్వు పుట్టిస్తుంది. రెండవసారి ఆ నవ్వు నిలువదు. రాజు నమ్మనన్నది దేనిని? పునర్జన్మను కాదు. దానిని నమ్మినాడు గనుకనే రథమెక్కి వచ్చినాడు. స్వర్గంలో ఉన్నదని చెప్పి ఉంటే ప్రశ్న లేకుండానే నమ్మేవాడు. తాను ప్రేమించినది ఇంత అల్పజీవిగా పుట్టగలదా అన్నదే ఆయన సందేహం. ఆయన ఏడు రోజుల ఉపవాసంలో రాణి మీద ప్రేమ ఎంత, ఆ రాణికి తానే సర్వస్వమన్న మురిపెం ఎంత అనేది కథకుడు తూచి చెప్పలేదు. పురుగు సమాధానంతో ఆ రెండవదే తెగిపడినది. వేదాంత వాక్యాలకు ఎండని కన్నీరు ఆ తిరస్కారానికి ఎండినది.

కథలో అన్యాయం లేదని కాదు. రూపమదం ఉబ్బరిది అన్నారు. ఆ రూపాన్ని చూచి మైమరచి, శవాన్ని మంచం కింద పెట్టుకొన్న రాజు మదాన్ని మాత్రం శోకమన్నారు. ఆమెకు పురుగు జన్మ, ఆయనకు కొత్త రాణి. జేతవనంలో విడిచివచ్చిన భార్యను తలచుకొని కుములుతున్న ఒక భిక్షువుకు చెప్పిన కథగా దీనిని గ్రంథం పేర్కొన్నది గనుక, ఆ పక్షపాతం ఎక్కడిదో ఊహించవచ్చును. అయినా కథకుడు తలపెట్టినదాని కంటె కథ పెద్దది. దానిలో దుఃఖం లేని ప్రాణి ఆ పురుగు ఒక్కటే. దానికి తోడున్నది, పనున్నది, ఇద్దరూ కలిసి దొర్లించే బరువున్నది. రాణిగా ఉన్ననాడు ఆమెకొక పని ఉన్నట్టు కథ చెప్పలేదు.

పేడపురుగును అల్పమనడం కూడా మన అలవాటే. ప్రాచీన ఈజిప్టువారు ఆ జాతి పురుగునే ఉదయసూర్యునికి ప్రతీకగా కొలిచి, మృతుల పునర్జన్మకు గుర్తుగా శవాల మీద దాని ప్రతిమను ఉంచినారు. ఆఫ్రికాలోని ఒక జాతి పేడపురుగు రాత్రివేళ పాలపుంత వెలుగును ఆధారం చేసుకొని తిన్నగా నడుస్తుందని స్వీడన్, దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించినారు. అశ్మకరాజుకు ఇది తెలిస్తే కొంత ఊరట కలిగేదేమో!

పూర్వజన్మను వెదికేవారు సాధారణంగా సింహాసనాలనే వెదుకుతారని లోకోక్తి. చిత్రమేమంటే, పరిశీలకుల దృష్టికి వచ్చిన ఉదంతాలు అట్లా ఉండవు. ఢిల్లీలో 1926లో పుట్టిన శాంతిదేవి తాను మథురలో ఒక వర్తకుని భార్యననీ, ప్రసవానంతరం మరణించినాననీ చిన్ననాడే చెప్పినది. 1935లో ఒక విచారణ సంఘం ఆమెను మథురకు తీసుకొనిపోయినది. సంఘం నివేదిక ఆమె మాటలను సమర్థించినది. ఒప్పుకొనని విమర్శకులూ లేకపోలేదు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ ఇటువంటి ఉదంతాలను దేశదేశాలలో సేకరించి 1966లో ఇరవయింటిని గ్రంథంగా ప్రకటించినాడు. ఆ పిల్లలు చెప్పుకొన్న జన్మలు ఎక్కువభాగం మామూలు మనుషులవే. సత్యాసత్యాలు ఎట్లున్నా, శాంతిదేవి జీవితంలో ఒక విషయం నిలిపి చూడదగినది. ఆమె వివాహం చేసుకొనలేదు. 1987లో మరణించే వరకు అట్లాగే ఉండిపోయినది. ఉబ్బరికి కొత్త జన్మ పాతదానిని కప్పివేసినది. ఈమెకు పాత జన్మ కొత్తదానిని పట్టి నిలిపినది. ఇద్దరిలో ఎవరు ధన్యులని అడిగితే తడుముకొనక చెప్పగలవారు అరుదు.

తెలుగువారి మనసు మాత్రం మొదటినుండీ జ్ఞాపకం పక్షమే. పదహారవ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో పొత్తిళ్లలోని పసిపాప నోట పూర్వజన్మ కథ పలికించినాడు. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన మూగమనసులు చిత్రంలో, గోదావరిలో పడవ మీద పోతున్న కొత్త దంపతులకు గతజన్మ తలపునకు వస్తుంది. పడవ నడిపిన గోపి, పెద్దింటి బిడ్డ రాధ ఆ జన్మలో కలువలేకపోయినారు గనుక ఈ జన్మలో కలువవలె. జనం కన్నీళ్లతో ఒప్పుకొన్నారు. ఆ తరువాత ఆ దారిన ఎన్ని చిత్రాలు రాలేదు! వాటన్నిటిలోనూ వెనుకటి జన్మలోని ప్రేమికులు ఒకరినొకరు గుర్తుపడతారు. గుర్తుపట్టీ నీవెవరవన్న నాయిక ఒక్కతె లేదు. ఆ కథకు టిక్కెట్లు తెగవు కాబోలు.

మరి అశ్మకదేశంలోనే పుట్టిన ఇంకొక గాథ ఉన్నది. సుత్తనిపాతంలోని పారాయణవర్గంలో బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు కోసలం విడిచి వచ్చి, అశ్మకసీమలో గోదావరి ఒడ్డున నివసిస్తూ, తన శిష్యులు పదహారుగురిని బుద్ధుని వద్దకు పంపినాడు. ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని మీదుగా శ్రావస్తికి, అక్కడనుండి మగధకు కాలినడకన పోయినారు. అంత దూరం నడిచినవారు ఏమడిగినారు? లోకాన్ని కప్పినది ఏమిటని అజితుడు, మృత్యువు కంట పడకుండా లోకాన్ని ఎట్లు చూడవలెనని మోఘరాజు. కన్ను మసకబారి, చెవి మందగించిన పింగియుడు, జన్మజరలను విడిచే ధర్మం చెప్పుమన్నాడు. పదహారుగురిలో ఒక్కడైనా, నేను వెనుకటి జన్మలో ఎవరినని అడుగలేదు. ఎదుట ఉన్నవాడు తన గత జన్మలన్నీ ఎరిగినవాడని ప్రసిద్ధి పొందినవాడాయె! అడిగి ఉంటే ఏమనేవాడో మజ్ఝిమనికాయంలోని సబ్బాసవ సుత్తాన్ని చూస్తే తెలుస్తుంది. పూర్వం నేను ఉన్నానా, ఏమై ఉన్నాను అన్న చింతనను ఆలోచింపదగని విషయాలలో చేర్చినాడు ఆయన. జన్మలున్నవని చెప్పి, అందులో తన జన్మను వెదుకవద్దని చెప్పడం వింతగా తోచవచ్చును. ఉబ్బరి కథ విన్నవారికి అంత వింత కాదు.

నిజాంసాగర్‌లో నాడు నిలిచిన నీరు 29 టీఎంసీలకు పైగా ఉండేది. ఏటేటా మేట వేసిన మట్టి వలన నేడు పట్టేది సుమారు 17.8 టీఎంసీలు. బీడు జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు సీమ మీదుగా మంజీర తెచ్చిన మట్టి అది. ఎవరి పొలంలోనిది ఎవరి పొలంలోనిదో విడదీసి చెప్పరాదు. మునిగిన వాకిళ్ల మీద అది పొరలు పొరలుగా పరచుకొని ఉన్నది.

కట్ట దాటిన నీరు కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. హరిద్ర కూడా అక్కడే కలుస్తుందని దానిని త్రివేణీ సంగమమంటారు. 2015 పుష్కరాలలో లక్షలాదిగా జనం గోదావరి రేవులకు తరలిపోయినప్పుడు ఈ సంగమం వద్ద కూడా పిండప్రదానాలు జరిగినవి. ఆ క్రతువులో అడిగేది మూడు తరాల పేర్లు: తండ్రి, తాత, ముత్తాత, అట్లే తల్లి వైపున. నాలుగవ తరానికి పేరుతో పిండం లేదు. అశ్మకరాజు మంచం కింద దాచుకొన్నదానిని నీటికి అప్పగించే ఏర్పాటు ఇది; మూడు పేర్ల వరకు పట్టుకొనవచ్చును, ఆ పైన విడువవలె. పేరు వదలుటకు మూడు తరాలు గడువిచ్చిన మన పెద్దలు రాజు వలె ఏడు రోజులలో తేల్చుకొమ్మనలేదు, పురుగు వలె ఒక్క మాటతో తెంచుకొమ్మనలేదు.

ముత్తవ్వ పేరు చెప్పమని పురోహితుడు చేయి చాపి ఆగుతాడు. మోకాలిలోతు నీటిలో తడిబట్టలతో నిలిచినవానికి ఆ పేరు రాదు. గట్టు మీద ఉన్న తమ్ముని పిలిచి, ఇంటి వద్ద ఉన్న మేనత్తకు ఫోను చేయించి అడిగిస్తాడు. అవతల మేనత్త కొంతసేపు తలచుకొంటుంది. ఇవతల దోసిలిలోని నువ్వులు నీటితోపాటు వేళ్ల సందున జారుతూ ఉంటవి.