ఇంట్లోనే ఉన్న ఆమె ఏ లెక్కలోకి వస్తుంది?



పెద్దతిప్పసముద్రం చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా ఒక తల్లిని "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగి చూడండి. "నాకేం పనుంది అయ్యగారూ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. ఆమె తెల్లవారకముందే పాలు పితికి కేంద్రంలో పోసి వచ్చింది. పట్టుపురుగులకు ఆకు వేసింది. ఎండ ముదిరేదాకా టమోటా తోటలో కలుపు తీసింది. చేతికి కూలి రాలేదు గనుక అది పని కాదని ఆమే నమ్ముతోంది.

ప్రభుత్వపు లెక్క మాత్రం అలా చెప్పదు. జీతం లేకుండా సొంత పొలంలో గాని, కుటుంబ వ్యాపారంలో గాని చేసినదీ పనేనని 1991 జనాభా లెక్కల ప్రశ్నలోనే చేర్చారు. ఏడాదిలో 183 రోజులు, అంటే ఆరు నెలలు పనిచేస్తే ప్రధాన శ్రామికులు. అంతకు తక్కువైతే ఉపాంత శ్రామికులు.

1972-73 నుండి దాదాపు ఐదేళ్లకొకసారి జరిగిన జాతీయ ఉపాధి సర్వే స్థానంలో 2017లో మరొకటి మొదలైంది. దీనికి రెండు కొలతలున్నాయి. ఒకటి ఏడాది కొలత. ఇందులో ఎక్కువ కాలం వేరే విధంగా గడిపినా, 30 రోజులు పని చేసి ఉంటే ఉపాధి ఉన్నట్టే. రెండవది వారం కొలత. గడచిన ఏడు రోజుల్లో ఒక్క రోజున ఒక్క గంట పని చేసినా చాలు!

ఒక్క గంటా అని ఆశ్చర్యపోకండి. దేశంలో జరిగే ఉత్పత్తి వెనుకనున్న ఏ కొద్దిపాటి శ్రమా లెక్క తప్పకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ పెట్టిన ప్రమాణమది. ద్రాక్షతోటకు పొద్దు వాలేవేళ వచ్చిన కూలివారు కూడా ఈ లెక్కలో పనివారే. అయితే వారికి దొరికినట్టు నిండు కూలి మన కూలివారికి దొరకదు. వారమంతా ఎదురుచూసి ఒక పూట చెనక్కాయలు పీకిన మనిషి కూడా ఉద్యోగుల వరుసలోనే ఉంటాడు. కాబట్టి నిరుద్యోగం తగ్గిందన్న వార్త చదివి, కడుపులు నిండాయని అనుకోవద్దు. ఆ గంట పని కూడా దొరకక, పని వెదకుతున్నవారు, లేదా దొరికితే చేస్తామనేవారు మాత్రమే నిరుద్యోగులు. వెదకనివారు, చేస్తామననివారు ఏ పక్కకూ రారు.

మన తల్లి సంగతి చూద్దాం. సొంత ఆవు పాలు పితకడం, తోటలో కలుపు తీయడం పని. వంట, నీళ్లు మోయడం, మంచం పట్టిన అత్తకు సేవ పని కాదు. గట్టు మీద ఊరికే దొరికే గడ్డి, కట్టెపుల్లలు తేవడం కూడా ఇంటిపనుల కిందికే పోతుంది. ఆవుకు గడ్డి లేకుండా పాలెక్కడివో నాకు అర్థం కాదు! 2019లో దేశమంతటా జరిగిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే ఆడవారు రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది.

ఒకసారి మా ఇంటికి లెక్కలవారు వచ్చినప్పుడు వాకిట్లో నేనే కూర్చున్నాను. "అమ్మగారు ఏం చేస్తారు?" అని అడిగితే "ఇంట్లోనే" అన్నాను. అప్పుడు మాకు రెండు పాడి ఆవులుండేవి. ఆ సమయంలో ఆమె దొడ్లో పేడ ఎత్తుతోంది.