హోల్ స్క్వేర్ అచ్చుకెక్కిన కథ

శ్రీకాకుళం జిల్లాలో ఏ హైస్కూలు లెక్కల తరగతి పక్కగా నడిచినా ఒక మాట చెవిన పడుతుంది: "ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్." మాష్టారు బోర్డు వైపు తిరగకుండానే ఆ మాట అంటారు, పిల్లలు తలెత్తకుండానే రాసేసుకుంటారు. ఆ 'హోల్' ఎంత పని చేస్తుందో చూడండి. అది లేకపోతే వర్గం బి ఒక్కదానికే అంటుకుంటుంది. అది ఉంటే రెండింటికీ కలిపి బ్రాకెట్టు పడి, దాని భుజం మీద 2 కూర్చుంటుంది. కాగితం మీద పైకీ కిందికీ పరుచుకునే సమీకరణం నోట్లో ఒకే వరస మాటగా మారింది. ఆ మాట విన్న పిల్లాడి నోటుబుక్కులో మళ్లీ సమీకరణమైంది. మధ్యలో ఏమీ జారిపోలేదు.

ఇంత మామూలు సంగతి మీద ఒక కంప్యూటర్ భాష నిలబడింది. దాని పేరు ఈక్యూఎన్. ఈక్వేషన్ అన్న మాటకి పొట్టి పేరు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ముర్రేహిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో బ్రయాన్ కెర్నిగన్, లొరిండా చెర్రీ కలిసి దీన్ని తయారు చేశారు. 1975 మార్చిలో ఒక ప్రసిద్ధ కంప్యూటర్ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. గణితాన్ని కంప్యూటర్‌తో అచ్చుకి ఎక్కించాలన్న ప్రయత్నంలో చెర్రీ అప్పటికే ఉన్నారు. కెర్నిగన్ తెచ్చింది చెవి. చూపు లేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థలో ఆయన స్వచ్ఛందంగా పనిచేసేవారు. వారానికి కొన్ని గంటలు సాంకేతిక పుస్తకాలని మైకు ముందు పైకి చదివేవారు. వినేవాళ్లకి పేజీ కనపడదు కాబట్టి భిన్నం ఎక్కడ మొదలైందో, ఘాతం ఎక్కడ ముగిసిందో అంతా గొంతుతోనే చెప్పాలి. అలా చదివీ చదివీ ఆయనకి ఒకటి అర్థమైంది. పైకి చదివితే మనిషికి అర్థమయ్యే సమీకరణాన్ని అదే వరసలో టైపు చేస్తే యంత్రానికీ అర్థమయ్యేలా చెయ్యొచ్చు.

దీని విలువ తెలియాలంటే అంతకుముందు కంపోజిటర్ పడ్డ అవస్థ తెలియాలి. సీసపు అచ్చులు ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చడానికే పుట్టాయి. వరస దాటి పైకో కిందికో వెళ్లే ప్రతి గుర్తూ ఇబ్బందే. విజయనగరం సంస్థానానికి ఈ ఇబ్బంది ఖరీదు బాగా తెలిసే ఉంటుంది. సాయణ భాష్యంతో మాక్స్ ముల్లర్ పరిష్కరించిన ఋగ్వేదం రెండో ముద్రణకి ఖర్చు భరించింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి రాజు. 1890 నుంచి 1892 దాకా అది నాలుగు సంపుటాలుగా వచ్చింది. వేదం అచ్చు వెయ్యడమంటే అక్షరాలు పేర్చితే సరిపోదు. అనుదాత్తానికి అక్షరం కింద అడ్డగీత, స్వరితానికి నెత్తిన నిలువుగీత, ఏది చెదిరినా స్వరం మారిపోతుంది.

మన లిపి సంగతీ అంతే. శ్రీకాకుళం అన్న పేరులో మొదటి అక్షరాన్నే తీసుకోండి. శకారం, దానికి రావత్తు, నెత్తిన గుడిదీర్ఘం. ఒక్క అక్షరంలో మూడు అంతస్తులు. అయినా 'శ్రీ'ని ఒకే దిమ్మగా పోతపోసి కేసులో ఒక గడిలో పెట్టుకోవచ్చు. ఎన్ని గుణింతాలున్నా, ఎన్ని ఒత్తులున్నా, వాటికి లెక్క ఉంది. సమీకరణాలకి లెక్క ఎక్కడిది? భిన్నం మీద భిన్నం, దాని మీద వర్గమూలం, అందులో ఇంకో భిన్నం. ప్రతి కొత్త వ్యాసమూ కొత్త ఆకారమే. అందుకే ఇంగ్లీషు ముద్రాపకులు గణితాన్ని పెనాల్టీ కాపీ అనేవాళ్లు. ఎక్కువ టైము, ఎక్కువ కూలి, ఎక్కువ తప్పులు.

కెర్నిగన్, చెర్రీ ఎంచుకున్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కింద పెట్టాలంటే 'సబ్'. పైన పెట్టాలంటే 'సప్'. భిన్నానికి 'ఓవర్', మన తరగతి గదిలో 'బై' అన్నట్టే. సమీకరణం మొదలయ్యే ముందు ఒక గుర్తు, ముగిశాక ఇంకో గుర్తు. గ్రీకు అక్షరాలకి వాటి పేర్లే: 'పై' అని కొడితే ఆ అక్షరం పడుతుంది. 'సమ్ ఫ్రమ్ ఐ=1 టు ఎన్' అని కొడితే పెద్ద సిగ్మా వచ్చి, దాని పాదాల దగ్గర ఐ=1, నెత్తిన ఎన్ చేరతాయి. మన 'హోల్' చేసే పని ఇక్కడ మీసాల బ్రాకెట్లది. ఏ ప్లస్ బిని వాటి మధ్య పెట్టి 'సప్ 2' అంటే రెండింటినీ కలిపి ఒకే ముద్దగా చూస్తుంది.

ఇందులో స్పేసుకి ఉన్న విలువ చూస్తే ముచ్చటేస్తుంది. 'ఎక్స్ సప్ 2' తరవాత స్పేసు ఇచ్చి 'ప్లస్ వై' కొడితే ఎక్స్ మీద 2 ఒక్కటే ఎక్కుతుంది. స్పేసు మరిచి 2, ప్లస్, వై కలిపి కొట్టేస్తే మూడూ కలిసి ఘాతంలోకి ఎక్కేస్తాయి. మాష్టారు పైకి చదివేటప్పుడు ఎక్కడ గుక్క తిప్పుకుంటారో అక్కడ స్పేసు పడాలన్నమాట. అన్నీ సూత్రంతోనే కుదరవు కూడా. ఎక్స్‌కి కింద ఐ, పైన 2 రెండూ ఉన్నప్పుడు, నియమం ప్రకారం 2 కొంచెం కుడికి జరిగి ఐ మీద పడాలి. గణితజ్ఞుల కంటికి అది నచ్చదు, రెండూ ఒకే నిలువులో ఉండాలి. ఆ ఒక్కదాని కోసం వ్యాకరణంలో ప్రత్యేకంగా ఒక నియమం రాశారు.

వ్యాకరణం అన్నది ఊరికే వాడిన మాట కాదు. స్టీఫెన్ జాన్సన్ రాసిన యాక్ అనే పనిముట్టు అప్పటికే బెల్ ల్యాబ్స్‌లో ఉంది. భాష నియమాలు ఇస్తే ఆ భాషని చదవగలిగే ప్రోగ్రాముని అది తయారు చేసి ఇస్తుంది. ఆ యాక్‌కి గణిత వ్యాకరణం ఇచ్చారు. ప్రతి ముక్కనీ ఒక పెట్టె అనుకోమన్నారు. ఎక్స్ ఒక పెట్టె, 2 ఒక పెట్టె, రెండూ చేరితే ఇంకో పెద్ద పెట్టె. భిన్నమంటే పెట్టె మీద పెట్టె, మధ్యలో గీత.

అయితే ఈక్యూఎన్ తానుగా ఏమీ అచ్చు వెయ్యదు. వంటింట్లో కూరలు తరిగి ఇచ్చే చెయ్యి లాంటిది. పొయ్యి దగ్గర నిలబడేది జో ఒసానా రాసిన టీరాఫ్ అనే ప్రోగ్రాము. మౌస్ ఇంకా అలవాటు కాని ఆ రోజుల్లో పనంతా కమాండ్ లైన్ మీదే. ఈక్యూఎన్ అని కొట్టి, నిలువుగీత పెట్టి, టీరాఫ్ అని కొడితే మొదటిది చేసి ఇచ్చింది గొట్టంలో నీళ్లలా రెండోదానిలోకి పారుతుంది. ఇవన్నీ నడిచే ఆపరేటింగ్ సిస్టం యునిక్స్‌కి ఈ గొట్టాలు 1973లో వచ్చాయి. ఏ అక్షరం ఎంత వెడల్పో ఈక్యూఎన్‌కి తెలియదు, అది టీరాఫ్‌కే తెలుసు. అందుకని ఎత్తులు మాత్రం తనే లెక్కేసుకుని, వెడల్పు దగ్గరకి వచ్చేసరికి "ఈ ముక్కని కొలిచి, అందులో సగం వెనక్కి జరుగు" అని చీటీ రాసి పంపుతుంది. ఇంత సంక్లిష్టమైన పనిని రెండు చిన్న ప్రోగ్రాములు పంచుకున్న తీరు యునిక్స్ చరిత్రలో అందమైన ఘట్టాల్లో ఒకటి. చివర్లో క్యాట్ అనే ఫొటోటైప్‌సెట్టర్ ఉండేది. దానిలో నాలుగు రకాల అక్షరాలే, ఒక్కో రకానికి 102 గుర్తులే. ఫిల్ము మీద అక్షరం గుండా దీపం తళుక్కుమని మెరిసి ఫొటో కాగితం మీద పడేది.

లెక్కలూ రాని, ముద్రణా రాని టైపిస్టులు కూడా ఒక గంటలో ఈ భాష నేర్చుకుంటున్నారని కెర్నిగన్, చెర్రీ రాశారు.

1977లో స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ క్నూత్ తన పుస్తకం కొత్త ముద్రణకి వచ్చిన ప్రూఫులు చూసి, ఆ వికారం భరించలేక టెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాము మొదలుపెట్టారు. పెట్టెల ఆలోచన అందులోనూ ఉంది, 'ఓవర్' మాటా ఉంది. అందంలో టెక్ ముందు ఈక్యూఎన్ నిలవదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. టెక్ మీద వచ్చిన లేటెక్ మాత్రం 'ఓవర్' బదులు 'ఫ్రాక్' అలవాటు చేసింది. ముందు భిన్నమని చెప్పి, తరవాత పైదీ కిందదీ ఇవ్వాలి. యంత్రానికి అది సుఖం. పైకి చదివే మనిషి మాత్రం అలా చెప్పడు.

నోటి వరసని నమ్ముకోవడం తెలుగుకీ కలిసొచ్చింది. తెలుగు కీబోర్డులు అందుబాటులో లేని 1990ల మొదట్లో అమెరికాలో రైస్ యూనివర్సిటీ నుంచి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక లిప్యంతరీకరణ పద్ధతిని తెచ్చారు. ఆర్‌టీఎస్ అని దానికి పేరు. ఇంగ్లీషు అక్షరాలు పలికిన వరసలో కొడితే ప్రోగ్రాము వాటిని ఒత్తులుగా, గుణింతాలుగా పేరుస్తుంది. ఎస్, ఆర్, ఐ అని వరసగా మూడు కొట్టి 'శ్రీ' తెప్పించడం, 'ఎక్స్ సప్ 2' కొట్టి వర్గం తెప్పించడం లాంటిదే.

కాగితం మీది సమీకరణాన్ని మళ్లీ నోటి మాటగా మార్చిన టి.వి. రామన్‌కి చిన్నతనంలోనే చూపు పోయింది. కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ కోసం ఆయన ఒక ప్రోగ్రాము రాసి 1994లో సమర్పించారు. తనకి దారి చూపే కుక్క పేరే దానికి పెట్టుకున్నారు: ఆస్టర్. లేటెక్‌లో రాసిన సమీకరణాన్ని అది పైకి చదువుతుంది. కెర్నిగన్ మైకు ముందు ఎదుర్కొన్న చిక్కే ఇక్కడ తిరగబడి వచ్చింది: ఘాతం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వినేవాడికి ఎలా తెలుస్తుంది? రామన్ ఆ పనిని శ్రుతికి అప్పగించారు. ఘాతం దగ్గర ఆస్టర్ గొంతు హెచ్చుతుంది, కింద రాసే గుర్తు దగ్గర తగ్గుతుంది, ముగియగానే మామూలు శ్రుతికి వస్తుంది.