మౌత్ ఆర్గాన్ మీద సరళీ వరస

పిల్లలూ! ఒకనాటి కృష్ణా జిల్లా మెట్టసీమలో నందిగామ, జగ్గయ్యపేట ఉన్నాయి. 2022 నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఆ ప్రాంతపు పిల్లలకు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. అటువంటి తిరునాళ్లలో బొమ్మల అంగళ్ల ముందు నిలబడి, మౌత్ ఆర్గాన్ కొనిపెట్టమని పేచీ పెట్టనివారు మీలో ఎందరుంటారు? కొన్ననాడు ఇల్లంతా ఒకటే మోత. వారం తిరిగేసరికి అది ఏ గూట్లోనో పడి ఉంటుంది. ఎందుకని అడిగితే, "దీంట్లో పాట రావటం లేదు" అంటారు.

పాట రాకపోవటానికి కారణాలు రెండు. ఒకటి వాద్యంలో ఉన్నది. రెండవది మన తొందరలో ఉన్నది.

ఊపిరితో పలికే రేకులు

మౌత్ ఆర్గాన్ లోపల సన్నని ఇత్తడి రేకులు ఉంటాయి. వీటిని రీడ్లంటారు. హార్మోనియంలో ఉండేవి కూడా ఇటువంటివే. రీడుకు ఒక కొస బిగించి ఉంటుంది, రెండవ కొస వదులుగా ఉంటుంది. గాలి తగలగానే ఆ కొస గబగబా ఊగి ధ్వనిని పుట్టిస్తుంది. పొడుగు రీడు నెమ్మదిగా ఊగుతుంది గనుక బొంగురు స్వరం వస్తుంది. పొట్టి రీడు వేగంగా ఊగుతుంది గనుక కీచు స్వరం వస్తుంది.

చైనా దేశంలో షెంగ్ అనే ప్రాచీన వాద్యం కూడా ఈ సూత్రం మీదనే పలుకుతుంది. జర్మనీలోని ట్రోసింగెన్ అనే ఊళ్లో గడియారాలు చేసే మథియాస్ హోనర్ 1857లో మౌత్ ఆర్గాన్ల తయారీ ప్రారంభించి, వాటిని దేశదేశాలకూ పంపాడు.

హార్మోనియానికి తోలుతిత్తి గాలి ఇస్తుంది. మౌత్ ఆర్గాన్‌కు మన ఊపిరితిత్తులే తిత్తి! ఊదితే ఒక స్వరం, పీలిస్తే మరొక స్వరం.

మీట చేసే మేలు

హార్మోనియంలో నల్లమెట్లన్నీ తీసేసి తెల్లమెట్లు మాత్రమే ఉంచితే ఎలా ఉంటుందో, మామూలు మౌత్ ఆర్గాన్ అలా ఉంటుంది. దాని మీద శంకరాభరణం పలుకుతుంది. కాని సంగీతం మాస్టారు మనకు మొదట చెప్పేది మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు. ఆ పద్ధతిని ఏర్పరచినవారు పురందరదాసులని ప్రతీతి. ఆ రాగంలోని రి, ద స్వరాలు మామూలుగా ఊదితే ఈ వాద్యంలో దొరకవు. మొదటి పాఠానికే అడ్డు వచ్చిందన్నమాట!

ఈ కొరత తీర్చేదే క్రోమాటిక్ హార్మోనికా. దీని కుడికొసన ఒక మీట ఉంటుంది. మీట నొక్కితే ప్రతి స్వరమూ అరమెట్టు పైకి జరుగుతుంది. రంధ్రాలు పన్నెండు. ఒక్కొక్కదానికి నాలుగేసి రీడ్లు. అంటే మొత్తం 48. నల్లమెట్లు, తెల్లమెట్లు అన్నీ ఈ చిన్న పెట్టెలో ఇమిడిపోయాయి.

సి శ్రుతిలో ఉన్న వాద్యం మీద మన వరస ఇలా వస్తుంది:

స – 5వ రంధ్రం, ఊదాలి
రి – 5వ రంధ్రం, మీట నొక్కి ఊదాలి
గ – 6వ రంధ్రం, ఊదాలి
మ – 6వ రంధ్రం, పీల్చాలి
ప – 7వ రంధ్రం, ఊదాలి
ద – 7వ రంధ్రం, మీట నొక్కి ఊదాలి
ని – 8వ రంధ్రం, పీల్చాలి
పై స – 8వ రంధ్రం, ఊదాలి

దిగేటప్పుడు ఇదే దారిన వెనక్కు రావాలి.

ఊపిరి జమాఖర్చు

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. ఎక్కి దిగితే పదహారు స్వరాలు. వాటిలో ఊదేవి పన్నెండు, పీల్చేవి నాలుగే. గోడగడియారం రెండుసార్లు టిక్కుమనేంతసేపు ఒక్కొక్క స్వరాన్ని నిలపండి. మొత్తం 32 సెకన్లు పడుతుంది. అందులో 24 సెకన్లు గాలి బయటికి పోతుంది. 8 సెకన్లే లోపలికి వస్తుంది. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ!

మరి ఏం చేయాలి? ఊదేటప్పుడు పొదుపుగా, వేడిపాలను ఉఫ్‌మని చల్లార్చేటంత మెత్తగా ఊదాలి. మ, ని వచ్చినప్పుడు నిదానంగా, నిండుగా పీల్చాలి. వరస ముగిసిన తరువాత పెదవులు ఎడం చేసి, గాలి తీసుకుని, మళ్లీ ఆరంభించాలి. గట్టిగా ఊదితే గొప్పగా వినిపిస్తుందనుకోకండి. అప్పుడు శ్రుతి దిగజారుతుంది, రీడు కూడా త్వరగా చెడుతుంది.

నిదానం ఎందుకు?

నందిగామలో బస్సెక్కి జగ్గయ్యపేట పోతుంటే పత్తిచేలు, మిరపతోటలు గిర్రున వెనక్కి పోతాయి. ఏ చేను ఎక్కడ ఉన్నదో మనకు గుర్తుండదు. అదే దారిన నడిచిపోయేవాడికి ప్రతి చెట్టూ, ప్రతి గుంటా తెలుస్తుంది. సాధన కూడా అంతే. వేగంగా వాయిస్తే తప్పులు కనబడకుండా పరుగెత్తిపోతాయి. నిదానంగా వాయిస్తే ఒక్కొక్కటే దొరుకుతుంది.

పక్క రంధ్రంలోకి గాలి జారి రెండు స్వరాలు కలిసి మోగుతున్నాయా? పెదవులను ఇంకా గుండ్రంగా చేయండి. రి పలకవలసినచోట ముందు స తొంగిచూసి పోతున్నదా? మీట ఆలస్యంగా నొక్కారన్నమాట. ఊపిరీ, వేలూ ఒక్కసారే కదలాలి. ఈ రెండూ చక్కబడేదాకా వేగం పెంచవద్దు. తరువాత రెండవ కాలం, ఆపైన మూడవ కాలం వాటంతటవే వస్తాయి.

ఇందులో మరొక లాభం ఉన్నది. వరసల తరువాత నేర్చుకునే పిళ్లారి గీతాలు మలహరి రాగంలో ఉంటాయి. ఆ రాగానికి కావలసిన స్వరాలన్నీ మీరు నేర్చిన ఈ వరసలోనే ఉన్నాయి!

దీన్ని ఆటవస్తువని చులకన చేయకండి. అమెరికావాడైన లారీ ఆడ్లర్ కోసం ఇంగ్లండు స్వరకర్త వాన్ విలియమ్స్ 1951లో ప్రత్యేకంగా ఒక రచన చేశాడు. 1964లో వచ్చిన హిందీ చిత్రం "దోస్తీ"లో కథానాయకుడు మౌత్ ఆర్గాన్ వాయిస్తాడు. తెర వెనుక దాన్ని వాయించినవాడు ఆర్.డి. బర్మన్. అదే కథను బాపుగారు 1977లో "స్నేహం" పేరుతో తెలుగులో తీశారు. వయొలిన్ మాత్రం ఎక్కడినుండి వచ్చింది? పడమటి దేశాలనుండే. ద్వారం వేంకటస్వామినాయుడుగారి వంటి విద్వాంసుల చేతిలో అది మన వాద్యమే అయింది.

వాయించే ముందు నోరు పుక్కిలించండి. బెల్లమో, మామిడిపండో తిన్న నోటితో ఊదితే రీడ్లకు జిగురు పడుతుంది. చలికాలపు ఉదయాన వాద్యాన్ని కాసేపు అరచేతుల్లో వెచ్చబెట్టండి. లేకుంటే లోపల తేమ పట్టి స్వరం అంటుకుపోతుంది. మీట ఉన్న వాద్యం లేనివారు ఉన్నదానిమీదనే శంకరాభరణపు వరసను ఇదే నిదానంతో సాధించవచ్చు.

రోజుకు పది నిమిషాలు చాలు. గూట్లో పడి ఉన్న మౌత్ ఆర్గాన్ దుమ్ము దులపండి. గడియారం దగ్గర కూర్చోండి. మొదటి స ఊదండి. టిక్, టిక్.