మత్తు డాక్టరు దగ్గర ఏదీ దాచకండి

తెల్లవారితే బిడ్డకు ఆపరేషన్. రాత్రినుండి ఏమీ పెట్టవద్దని నర్సమ్మ చెప్పి వెళ్లింది. కాని తల్లి మనసు ఆగదు. "ఖాళీ కడుపుతో ఎలా తట్టుకుంటాడు?" అనుకొని ఎవరూ చూడకుండా రెండు ఇడ్లీలు తినిపిస్తుంది. డాక్టరు అడిగితే ఏమీ తినలేదంటుంది. ప్రేమతో చేసిన ఈ పని బిడ్డ ప్రాణానికే ముప్పు తేవచ్చు.

ఎందుకని? పూర్తి మత్తులో ఉన్న మనిషి మింగలేడు, దగ్గలేడు. కడుపులోని ఆహారం పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. అందుకే ఇడ్లీవంటి తేలిక టిఫిన్ తింటే 6 గంటలు, మాంసం, నూనె వంటకాలు తింటే 8 గంటలు ఆగుతారు. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపేది 4 గంటల ముందు. మంచినీళ్లు చాలామందికి 2 గంటల ముందువరకు ఇవ్వవచ్చు. పాలు, టీ మాత్రం మంచినీళ్ల లెక్కలోకి రావు. ఏదైనా మీ డాక్టరు పెట్టిన గడువే మీకు గడువు. పొరపాటున తింటే భయపడక వెంటనే చెప్పండి. ఆపరేషన్ కాసేపు వాయిదా పడుతుంది, అంతే.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు మత్తు ఇచ్చి చూపించాడు. అంతవరకు రోగిని నలుగురు గట్టిగా పట్టుకుంటే కోత కోసేవారు. ఈనాడు మత్తు డాక్టరు ఆపరేషన్ సాగినంతసేపూ నాడి, రక్తపోటు, ఆక్సిజన్ గమనిస్తూ ఉంటారు. అయితే మీరు చెప్పనిది ఆయనకు ఎలా తెలుస్తుంది?

కాబట్టి ముందే ఇవి చెప్పండి:

* బి.పి., షుగరు, ఆయాసం, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నాయా?
* ఏ మాత్రలు వాడుతున్నారు? నాటుమందులు కూడా చెప్పండి. రక్తం పలుచబరిచే మాత్రలు, షుగరు మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరునే అడగండి. మీ అంతట మీరు ఆపవద్దు.
* ఏ మందైనా పడదా? ఇంతకుముందు మీకుగాని, మీ రక్తసంబంధీకులకుగాని మత్తువల్ల ఇబ్బంది కలిగిందా?
* కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉన్నాయా?
* చుట్ట, బీడి, సారా అలవాటుందా? పెద్దల ఎదుట సిగ్గయితే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడండి.

వెన్నుకు ఇచ్చే ఇంజక్షన్‌తో జీవితాంతం నడుమునొప్పి వస్తుందని మన పల్లెల్లో చాలామంది స్త్రీలు భయపడతారు. కొందరికి కొద్దిరోజులు తలనొప్పి రావచ్చు, సూది గుచ్చినచోట నొప్పి ఉండవచ్చు. కాన్పు తరువాత ఏళ్లతరబడి ఉండే నడుమునొప్పికి మాత్రం సాధారణంగా కారణాలు వేరు.

ఆపరేషన్ నాడు రోగి పక్కన కూర్చునే అమ్మలారా, అక్కలారా! ఆ కొన్ని గంటలు పస్తు ఉంచడమే మీరు చూపగల ప్రేమ. ఆకలి తీర్చడానికి రేపు ఉంది.