కారు ముందు చక్రముల వద్ద చప్పుళ్లు

అనంతపురము పీఠభూమిలో కారు నడుపువారికి ఇంజనుకంటె ముందుగా మొరపెట్టుకొనునవి ముందు చక్రములే. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. సంగతి అందరికిని తెలియును. ముందు చక్రముల వద్ద ఒక కీలు సడలినచో బండి నడచుచునే యుండును, చప్పుడు మాత్రము చేయుచుండును. పదిదినములకు చెవి ఆ చప్పుడునకు అలవాటుపడిపోవును. చప్పుడు వినబడకుండ రేడియోను బిగ్గరగా పెట్టుకొని పోవువారును కలరు. మేము రేడియోకు కావలసినవారమే యైనను, దానిని ఇట్లు వాడుకొనుటను మెచ్చజాలము.

ఈ సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కోస్తా జిల్లాలలో బండి అడుగు భాగమును తినివేయునది ఉప్పుగాలి, తేమ, తుప్పు. ఇచ్చట తుప్పు తక్కువ. దుమ్మును, ఎండయును ఎక్కువ. ఎండకు రబ్బరు గట్టిపడి బీటలు వారును. బీటలలోనుండి ఎఱ్ఱమట్టి దుమ్ము లోపలికి దూరి, అచ్చటనున్న గ్రీజుతో కలిసి, సానరాతి పొడివలె పనిచేయును. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు 44వ జాతీయ రహదారిమీద నున్నంతసేపు ఏ చప్పుడును వినబడకపోవచ్చును. ఆ రహదారి విడిచి కల్యాణదుర్గము వైపో, ఉరవకొండ వైపో, పల్లెలలోనికి తిరిగినపుడు గరుసు బాటలును, ఊరూరి మొదట వేసిన స్పీడు బ్రేకరులును బండిలోని లోపములను ఒక్కొక్కటిగా బయటపెట్టును. పెనుకొండ చేరువనున్న ఎఱ్ఱమంచి వద్ద 2019లో కియా కార్ల తయారీ ఆరంభమైనది. ప్రపంచమునకు కార్లు పంపు సీమలో, కొన్న కారు కీలు అరిగినపుడు ఏది అరిగినదో ఊహమీద చెప్పుకొనవలసిన గతి పట్టరాదు గదా.

మన ఎద్దుబండికి ఇరుసొకటి, చక్రములు రెండు, వాని నాపు చీలలు రెండు. గడ్డి కాల్చిన మసిలో ఆముదము కలిపి కందెన పెట్టినచో బండి సద్దు చేయదు. కారు ముందు భాగములో అట్టి ఇరుసు లేదు. ప్రతి చక్రమును తన దారిన తాను లేచి దిగవలెను, పైగా ప్రక్కలకు తిరుగనువలెను. 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసడరు కారులో మెలిపడు ఉక్కు కడ్డీలు ముందు బరువును మోసెడివి. ఆ తరము బండ్లలో కీళ్లకు గ్రీజు ఎక్కించుటకు నిపుల్సు ఉండెడివి. 1983లో వచ్చిన మారుతి 800తో మన యిండ్లలోనికి వేరొక ఏర్పాటు వచ్చినది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు రూపొందించినందున దానికి మెక్‌ఫర్సన్ స్ట్రట్టని పేరు. స్ప్రింగును, షాక్ అబ్జార్బరును ఒకే స్తంభముగా కూర్చి, దాని పైకొనను బండి దేహమునకును, క్రిందికొనను చక్రపు ముంజేతికిని బిగింతురు. అడుగున ఒక లోయర్ ఆర్మ్, దాని చివర ఒక బాల్ జాయింటు. నేడు మన వీథులలో తిరుగు చిన్న కార్లలో చాలవరకు ఈ పద్ధతివే. ఇందులోని బాల్ జాయింట్లు సాధారణముగా మూతపెట్టి వచ్చునవి; వానికి నిపులుండదు. పైనున్న రబ్బరు బూటు చిరిగిననాడు దుమ్ము లోపలికి పోవును గాని, గ్రీజు లోపలికి పంపుటకు దారియుండదు.

చప్పుడును కనుగొనుటకు మొదట చేయవలసినది, అది ఎట్లున్నదని వర్ణించుట కాదు. "లొటలొట" యని ఒకరన్నది మరియొకరికి "కటకట"గా వినబడును. అంతేకాక, ఇనుప దేహము ధ్వనిని మోసుకొనిపోవును గనుక ఎడమ చక్రపు చప్పుడు కుడివైపున నున్నట్లు తోచుటయు కలదు. కావున చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నదని గమనింపవలెను. చిన్న గతుకులలోనా, పెద్ద గుంటలోనా? బ్రేకు తొక్కినపుడా? స్టీరింగు తిప్పినపుడా? నేరుగా పోవుచు వేగము హెచ్చినపుడా? ఈ ప్రశ్నలకు సరియైన జవాబు తెచ్చినవాడు మెకానికునకు సగము పని తగ్గించినవాడగును. ఇంకొక మాట. డిక్కీలోని జాకీయు, స్పేరు చక్రమును, వెనుక సీటు క్రింద దొర్లు నీళ్ల సీసాయు చేయు అల్లరి చాల గొప్పది. పరీక్షకు ముందు వానిని దింపివేయుట మేలు.

నెమ్మదిగా పోవుచున్నపుడు చిన్న చిన్న గతుకులలో టకటకమను చప్పుడు వచ్చినచో మొదట అనుమానింపవలసినది స్టెబిలైజరు లింకును. మలుపులలో బండి ఒక ప్రక్కకు ఒరిగిపోకుండ రెండు చక్రములను కలుపుచు అడ్డముగా ఒక ఉక్కు కడ్డీ యుండును. ఆ కడ్డీ కొనలను స్ట్రట్టునకు తగిలించు చిన్న కాడలే లింకులు. దీనిని పట్టుటకు చక్కని ఉపాయము కలదు. స్పీడు బ్రేకరును మొదట సూటిగా, రెండు చక్రములు ఒకేసారి ఎక్కునట్లు దాటవలెను. అపుడు కడ్డీ మెలిపడదు. రెండు కొనలును కలిసి లేచును, లింకులమీద బలము తక్కువ. తరువాత అదే వేగముతో ఏటవాలుగా, ఒక చక్రము ముందును ఒకటి వెనుకను ఎక్కునట్లు దాటవలెను. ఇపుడు కడ్డీ మెలిపడి లింకులను లాగును. మొదటిసారి ఊరకుండి రెండవసారి టకటకలాడినచో దోషము లింకులదో, కడ్డీని పట్టియుంచు రబ్బరు బుష్షులదో కావచ్చునని నమ్మవచ్చును. చేతితో లింకును పట్టి ఊపి చూచునపుడు రెండు చక్రములును నేలమీదనే యుండవలెను. ఒక చక్రమునే పైకెత్తినచో కడ్డీ బిగుసుకొని, ఉన్న సడలు కనబడకుండ దాగును.

ఈ సంగతి తెలియకపోవుట వలన కలుగు నష్టము కొంచెము కాదు. అప్పుచేసి బండి కొని బాడుగకు త్రిప్పుకొనువానిని తలచుకొనుడు. "ముందు చప్పుడు" అనగానే షాక్ అబ్జార్బరులు రెండును మార్చవలెనని ఎవరో చెప్పుదురు. ఇతడు కొన్ని దినముల సంపాదన తెచ్చి పోయును. బండి మరునాడు అవే గతుకులలో అదే టకటక! అరిగినది వెలలో షాక్ అబ్జార్బరుకంటె ఎంతో చిన్నదైన లింకు.

షాక్ అబ్జార్బరు నిజముగా చెడినదా లేదా అని తెలిసికొనుటకు బానెట్టు మూలను బలముగా క్రిందికి నొక్కి వదలవలెను. ఒకసారి లేచి నిలిచినచో బాగున్నదనవచ్చును; ఊయలవలె రెండుమూడుసార్లు ఊగినచో దాని సత్తువ పోయినట్లే. దాని కాండముమీద చమురు కారి, ఆ చమురుమీద దుమ్ము ముద్దగా పట్టియున్నను అదే గుర్తు. కాని సన్నని చెమ్మపొరను చూచి భయపడనక్కరలేదు. పెద్ద గుంటలో ఒక్కసారి ధబ్బుమని వచ్చు చప్పుడునకు స్ట్రట్టు పైకొననున్న రబ్బరు దిమ్మె సడలుట కారణము కావచ్చును. సత్తువ పోయిన షాక్ అబ్జార్బరు వలన స్తంభము అడుగంట నణగి తగులుటయు కావచ్చును. బండి నిండ బరువు వేసినపుడు మాత్రమే వినబడినచో రెండవది ఎక్కువ సంభవము.

స్టీరింగును నిలిచియున్న బండిలో తిప్పునపుడు స్ప్రింగు కిర్రుమని బిగుసుకొని, ఠంగుమని వదలినచో పైకొననున్న బేరింగులో మట్టి చేరినదనుకొనవలెను. ఒకరు లోపల కూర్చుండి తిప్పుచుండగా, వేరొకరు స్ప్రింగు వెలుపలి ప్రక్కను అరచేతితో తాకి చూచినచో ఆ బిగింపు, వదలుట చేతికి తెలియును. చుట్లనడుమ మాత్రము వ్రేలు పెట్టరాదు. అట్లుకాక, స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటరు నొక్కి కదలునపుడు కటకటమని వరుసగా వచ్చినచో అది సస్పెన్షనుది కాదు. చక్రమునకు బలము నందించు యాక్సిలు చివరి సి.వి. జాయింటుది. దాని బూటు చిరిగి చుట్టును గ్రీజు చిమ్మియుండుట చూడవచ్చును. చక్రము తిరుగువేగముతోపాటు హెచ్చుచు హోరుమను ధ్వని వీల్ బేరింగుది; ఒక ప్రక్కకు తిప్పినపుడు పెరిగి, రెండవప్రక్కకు తిప్పినపుడు తగ్గుట దాని లక్షణము. గరుసు బాటలో ఒక్కసారిగా ఇనుము గీచినట్లు కీచుమని మొదలైనచో, బ్రేకు డిస్కునకును దాని వెనుకనున్న రేకునకును నడుమ గులకరాయి చిక్కినదేమో చూచిన పిమ్మటనే గరాజునకు పోవలెను.

బ్రేకు తొక్కగానే ఒక్కసారి ఠప్పుమని, వదలగానే మరల ఠప్పుమని వచ్చునది చాలసార్లు లోయర్ ఆర్మ్ బుష్షు. బ్రేకు పట్టినపుడు చక్రము వెనుకకు నెట్టబడును; ఆ తోపును మ్రింగవలసిన రబ్బరు చినిగియున్నచో ఇనుము ఇనుమునకు తగులును. కాలిపరు బోల్టులు సడలినను ఇట్టి చప్పుడే వచ్చును గనుక మొదట వానిని చూడవలెను. ఇచ్చట మన గరాజులలో ఒక దురభ్యాసము కలదు. బండిని ఎత్తి, చక్రములు వ్రేలాడుచుండగా క్రొత్త బుష్షు బోల్టును గట్టిగా బిగించివేయుదురు. రబ్బరు లోపలి గొట్టము ఆ భంగిమలోనే కదలకుండ పట్టుబడును. బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడి, ఎల్లకాలము ఆ మెలికతోనే యుండి, త్వరలో చినుగును. "నిరుడే మార్చితిమి, మరల పోయినది" అను ఫిర్యాదులలో కొన్నింటికి మూలమిదే. చక్రములమీద బండి బరువు పడిన తరువాతనే చివరి బిగింపు చేయవలెను.

కీచుకీచుమని రబ్బరు మూలుగునట్టి ధ్వని వేరు. ఇది తొలకరి చినుకు పడిన దినమున మాయమై, నేల ఆరగానే తిరిగి వచ్చును. ఒక సీసాతో నీరు తెచ్చి ఒక్కొక్క బుష్షుమీద విడివిడిగా చల్లి, ప్రతిసారి బండిని ఊపి చూడుడు. ఏది తడిసినపుడు ధ్వని ఆగునో అదే దోషి. ఇందులో ప్రమాదము తక్కువ, చిరాకు ఎక్కువ. అయితే దీనికి విరుగుడుగా బండి అడుగున డీజిలో, వాడిన ఇంజను ఆయిలో చల్లించు ఆచారము మంచిది కాదు. ఆ పూటకు నోరు మూయును. రబ్బరు ఉబ్బి మెత్తబడి చెడును. పైగా నూనెకు దుమ్ము అంటుకొనును. ఎద్దుబండికి కందెన మేలు చేసినది గదాయని కారు రబ్బరునకు నూనె పెట్టరాదు. తప్పనిసరియైనచో సిలికాన్ గ్రీజు వాడవచ్చును.

ఇంతవరకు చెప్పినవి ఎక్కువగా సొమ్మునకు, సుఖమునకు సంబంధించినవి. ప్రాణమునకు సంబంధించినవి రెండు: బాల్ జాయింటు, టై రాడ్డు ఎండు. బాల్ జాయింటు ఊడినచో చక్రము ప్రక్కకు పడిపోవును. టై రాడ్డు ఎండు ఊడినచో స్టీరింగు మాట ఆ చక్రము వినదు. అర్ధరాత్రి రోగిని ఎక్కించుకొని పుట్టపర్తి ఆసుపత్రికో, సుమారు రెండువందల కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరునకో బయలుదేరు బాడుగ బండి యీ రెండింటిలో ఏ యొక్కటి సడలియున్నను కదలరాదు. పరీక్ష ఇంటివద్దనే చేయవచ్చును. వెనుక చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, హ్యాండు బ్రేకు వేసి, గట్టి నేలమీద జాకీ ఎత్తవలెను; మన మెత్తని ఎఱ్ఱనేలలో జాకీ దిగబడును గనుక దాని క్రింద మందమైన పలక పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదు, స్టాండు పెట్టవలెను. పిదప చక్రమును పైనను క్రిందను పట్టి ఊపవలెను. సడలు కనబడినచో వేరొకరిని లోపల బ్రేకు తొక్కి పట్టుమని మరల ఊపవలెను. బ్రేకు చక్రపు హబ్బును ముంజేతికి బిగించి పట్టును గనుక, సడలు మాయమైనచో అది వీల్ బేరింగుది. అట్లే యున్నచో బాల్ జాయింటుది కావచ్చును. చక్రమును ఎడమ కుడి ప్రక్కలను పట్టి ఊపినపుడు కనబడు సడలు టై రాడ్డుదో, స్టీరింగు ర్యాకుదో. స్ప్రింగు క్రింది ఆర్ముమీద కూర్చుండు బండ్లలో మాత్రము జాకీని దేహము క్రింద కాక ఆ ఆర్ము క్రిందనే పెట్టవలెను. లేనిచో స్ప్రింగు ఒత్తిడి కీలును బిగించి అరుగుదలను కప్పిపుచ్చును.

గరాజులో ఏది మార్చవలెనన్నను, మార్చకముందు ఆ సడలును మీ చేతికి చూపుమని అడుగుడు. మంచి మెకానికు దానికి నొచ్చుకొనడు. లింకు ఒకటే మార్చవచ్చును గాని, షాక్ అబ్జార్బరులను ఒక ఇరుసునకు జతగానే మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది ఉన్నచో బ్రేకు పట్టునపుడు బండి నిలకడ తప్పవచ్చును. టై రాడ్డు ఎండుగాని, స్ట్రట్టుగాని విప్పిన పిమ్మట చక్రముల అలైన్‌మెంటు చూపించుట తప్పనిసరి. లేనిచో క్రొత్త టైర్లు సైతము ఒక అంచున అరిగిపోవును. దారిలోనే చప్పుడు ఉన్నట్టుండి పెరిగి, స్టీరింగు వదులైనట్లో, బండి ఒక ప్రక్కకు లాగుచున్నట్లో తోచినచో బ్రేకును గట్టిగా తొక్కక, మెల్లగా వేగము తగ్గించి ప్రక్కకు నిలుపవలెను. దిగి చూచినపుడు ముందు చక్రములలో ఒకటి రెండవదానికంటె ఒరిగియున్నచో బండిని నడిపి కాక, మరియొక బండిమీద ఎక్కించియే ఊరు చేర్చవలెను.