ఎండకు, కుదుపుకు ఓర్చిన స్విస్ వాచీ

స్విస్ వాచీ అనగానే బంగారు కేసు, రాళ్లు పొదిగిన డయల్ కళ్లముందు మెదులుతాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో వాచీ కొనబోయేవాళ్ల చూపు కూడా ముందు అటే పోతుంది. కానీ ఒక గడియార సంస్థ ఘనతను ఆ మెరుపు తేల్చలేదు. ఎవరి చేతికోసం, ఏ ఎండకోసం, ఏ కుదుపుకోసం అది వాచీ చేసిందో చూడాలి. ఈ లెక్కన నేను ముందు వరసలో నిలబెట్టే పేరు వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ. 1886లో స్విట్జర్లాండ్‌లోని సెంట్ ఇమియర్ అనే కొండ ఊళ్లో, అల్సీడ్ డ్రోజ్ కుటుంబ సంస్థ నుంచి ఇది పుట్టింది. పేరు లండన్ సంపన్నుల పేటది, సరుకు మాత్రం బొంబాయి, కలకత్తాలకు చేరేది. ఇంటి పక్క యూరప్‌ను కాదని తూర్పు దేశాల వాడకందార్లను ఎంచుకోవడంలోనే దాని స్వతంత్రత ఉంది.

ఆ ఎంపిక ఎంత సాహసమో తెలియాలంటే వాచీ లోపలికి వెళ్లాలి. ఆ కాలపు చేతి గడియారంలో బ్యాలెన్స్ చక్రం, దాని సన్నని హెయిర్ స్ప్రింగు కలిసి సెకనుకు ఐదుసార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు కొట్టుకుంటాయి. వేడెక్కితే ఉక్కు స్ప్రింగు బిగి తగ్గుతుంది, ఊపు మందగిస్తుంది. ఏ దిద్దుబాటూ లేకపోతే ఒక్కో డిగ్రీకి రోజుకు సుమారు 10 సెకన్ల తేడా. 20 డిగ్రీల గదిలో సరిచేసిన వాచీ 40 డిగ్రీల నాంపల్లి మే నెలలో రోజుకు మూడు నిమిషాలకు పైగా వెనకబడుతుంది. 1907 నాటి నాంపల్లి స్టేషన్‌లో బండికి పచ్చజెండా ఊపే గార్డుకు, ఒంటి లైను మీద ఎదురుబండికి దారి ఇవ్వాల్సిన స్టేషన్ మాస్టరుకు మూడు నిమిషాలు చిన్న తేడా కాదు. ఈ చిక్కును మొదట ఇత్తడి, ఉక్కు అతికించిన చక్రాలతో సర్దారు. తర్వాత స్విస్ శాస్త్రవేత్త గియోమ్ నికెల్ ఉక్కు నుంచి ఎలిన్వార్ తెచ్చాడు. వేడికి దాని సాగుగుణం దాదాపు మారదు. నికెల్ ఉక్కుల మీద చేసిన కృషికే ఆయనకు 1920లో నోబెల్ వచ్చింది.

ఇక కుదుపు. బ్యాలెన్స్ ఇరుసు మొన మందం మిల్లీమీటరులో పదో వంతు. వాచీ కిందపడితే ముందు విరిగేది అదే. ఇన్‌కాబ్లాక్ అనే ఏర్పాటులో ఆ మొన కూర్చునే కెంపును ఒక చిన్న స్ప్రింగు కింద అమర్చారు. దెబ్బ తగిలితే కెంపు కాస్త జరిగి, మళ్లీ తన చోటికి వస్తుంది. 1934లోనే దీన్ని అందుకున్న తొలి సంస్థల్లో వెస్ట్ ఎండ్ ఒకటి. గుర్రపు రౌతు పేరు పెట్టుకున్న ఆ సంస్థ సవార్ వాచీకి ఇంతకన్నా తగిన భాగం మరొకటి ఉండదు. తెల్లని డయల్ మీద పెద్ద అంకెలు, ఒక్క చూపులో తెలిసే ముళ్లు కూడా ఆ ఆలోచనలోంచే వచ్చాయి. నా దృష్టిలో అదే దాని అందం.

లోపలి మెషిన్లు చాలావరకు బయటివేగా, ఇక స్వతంత్ర సంస్థ ఎలా అవుతుందని అడగవచ్చు. నిజమే, తొలినాటి వాచీల్లో లాంజీన్ సంస్థ మెషిన్లు కనిపిస్తాయి. అయితే భాగాలు వేర్వేరు చోట్ల చేయించి, ఒకచోట కూర్చి, సరిచేసి అమ్మడం స్విస్ లోయల పాత పద్ధతే. వాచీ ఏం తట్టుకోవాలో నిర్ణయించేది మాత్రం డయల్ మీద పేరున్న సంస్థ. అంతకంటే బలమైన అభ్యంతరం క్వార్ట్జ్‌ది. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం ముందు ఏ స్ప్రింగూ నిలవదు. సమయం ఒక్కటే కావాలంటే ఆ వాదన అక్కడితో ముగిసినట్టే. కానీ బాగుచేయడం దగ్గర లెక్క తిరగబడుతుంది. పాత సవార్‌లో మొన విరిగితే నేర్పున్న మెకానిక్ కొత్త ఇరుసు తిప్పి బిగించగలడు, ఎండిన నూనె కడిగి మళ్లీ వేయగలడు. తయారీ ఆగిన క్వార్ట్జ్ వాచీలో సర్క్యూట్ పోతే, సరిగ్గా ఆ సర్క్యూటే ఎక్కడో దొరకాలి.