తాగుడు మాటున బైపోలార్

గోలేటి: బొగ్గుగని కార్మికుడు వరుసగా విధులకు గైర్హాజరైతే చుట్టుపక్కలవారు చెప్పే కారణం సాధారణంగా ఒక్కటే, తాగుడు. సింగరేణి బెల్లంపల్లి ఏరియా కాలనీలూ ఇందుకు మినహాయింపు కావు. మస్టర్లు తగ్గినవారిని కుటుంబసభ్యులతో సహా పిలిపించి కౌన్సెలింగ్ ఇవ్వడం సంస్థలో పరిపాటి. అయితే ఆ తాగుడు వెనుక బైపోలార్ అనే మానసిక రుగ్మత ఉండవచ్చన్న ఆలోచన అరుదుగా వస్తుంది.

ఈ రుగ్మతలో మనిషి కొన్నాళ్లు పట్టపగ్గాలు లేని ఉత్సాహంలో ఉంటాడు. రెండు మూడు గంటలు నిద్రించినా అలసట ఉండదు. మాట ఆగదు, జీతం డబ్బు నిలవదు, అప్పులు పెరుగుతాయి. ఆ తర్వాత వారాల తరబడి కుంగుబాటు ఆవహిస్తుంది. ఉత్సాహ దశలో అదుపు తప్పి తాగేవారు, కుంగుబాటులో బాధ మరచేందుకు తాగుతారు. మద్యం నిద్రను చెడగొడుతుంది, నిద్ర చెడితే రోగం తిరగబెడుతుంది. షిఫ్టులు మారుతూ రాత్రి విధులు నిర్వహించేవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ.

అమెరికాలో 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో తీవ్ర బైపోలార్ ఉన్నవారిలో 46 శాతం మంది ఏదో ఒక దశలో మద్యం వ్యసనానికి లోనైనట్లు తేలింది. మన దేశంలో నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం బైపోలార్ బాధితుల్లో సుమారు 70 శాతం మందికి చికిత్సే అందడం లేదు.

ఏది ముందు?

మద్యం వల్ల కలిగిన దిగులు సాధారణంగా మానేసిన కొన్ని వారాల్లో తగ్గుతుంది. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకపోయినా అతి ఉత్సాహమో, కుంగుబాటో కనిపించిందా? ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. దీక్షాకాలం రోగ నిర్ధారణకు ఇంతగా తోడ్పడుతుందని ఎవరూ అనుకోరు! ఈ వివరం తెలియక కుంగుబాటు మందులు మాత్రమే ఇస్తే రోగి ఉన్మాద దశకు మళ్లే ప్రమాదం ఉంది.

తూలితే తాగినట్లేనా?

ఈ వ్యాధికి 1949 నుంచి వాడుకలో ఉన్న లిథియం మేలైన మందు. రక్తపరీక్షలు చేయిస్తూ మోతాదు సరిచూడాలి. మద్యం వల్ల గానీ, ఓపెన్‌కాస్టు ఎండలో చెమట వల్ల గానీ ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం విషస్థాయికి చేరవచ్చు. అప్పుడు వాంతులు, చేతుల వణుకు, నడకలో తూలుడు కనిపిస్తాయి. చూసేవారు తాగాడని భ్రమపడి వదిలేస్తే ప్రాణాలకే ముప్పు.

ఏళ్ల తరబడి తాగినవారిని ఇంట్లో బంధించి ఒక్కసారిగా మాన్పించడమూ ప్రమాదకరమే. రెండు మూడు రోజుల్లో మూర్ఛ, మతిభ్రమణం రావచ్చు. ఆసుపత్రి పర్యవేక్షణలోనే మాన్పించి, రెండు జబ్బులకూ ఏకకాలంలో చికిత్స చేయించాలి. 2022లో ప్రారంభమైన టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.